పొలంగట్టు మీద గవరయ్య బోనులు

గవరయ్యకు అరవై ఒకటో ఏడు. చదివింది నాలుగో తరగతి. అయినా ముప్ఫై ఏళ్లుగా ఆయన బతుకు పరిశోధనల వెనకే నడిచింది. మొదట తాబేళ్ల వాళ్ల దగ్గర చేరాడు. తల్లి తాబేలు ఇసుకలో పెట్టి వెళ్లిన గుడ్లు లెక్కపెట్టి, గుంట పక్కన కర్ర పాతి, కుక్కలు రాకుండా కాపలా కాశాడు. సునామీ వచ్చి పొలాల్లో ఉప్పునీళ్లు నిలిచిపోయాక, ఆ నేలలో ఏ వరి బతుకుతుందో చూడడానికి వచ్చిన వాళ్ల దగ్గర దుబ్బుకెన్ని వెన్నులో, వెన్నుకెన్ని గింజలో ఎంచి చెప్పాడు. ఇప్పుడు జ్వరం వాళ్ల దగ్గర ఎలుకలు పడుతున్నాడు.

"తాబేలయింది, వరి అయింది, ఎలకయింది. ఇంక నన్నే బోనులో ఎట్టి సూసుకోవాల" అంటాడు.

మా దీవుల్లోని మాయాబందర్ పట్నానికి బస్సులో ముప్పావుగంట దూరంలో ఉన్న మా ఊళ్లో, వానలు పడితే ఎలుక జ్వరం వస్తుంది. ఎలుక మూత్రంలోని క్రిమి తడినేలలో బతికుండి, కాలి పగుళ్లలోంచో చేతి గాయాల్లోంచో మనిషిలోకి పోతుంది. అది పొలం ఎలుకల వల్ల ఎక్కువ వస్తోందా, ఇళ్లలో తిరిగే ఎలుకల వల్లా? మాయాబందర్ ఆసుపత్రిలో ఈ జ్వరం మీద పరిశోధన చేస్తున్న డాక్టర్ రాధిక మేడం తేల్చుకోవాలనుకున్నది ఇదే. అది తేలితే ముందుజాగ్రత్త మాత్రలు మొదట నాట్లు వేసేవాళ్లకి ఇవ్వాలో, ఇళ్లలో ధాన్యం గదుల మీద మొదట కన్నేయాలో తెలుస్తుంది. ఇళ్ల వంతు నిరుడే అయిపోయింది. ఈ వానల్లో పొలాల వంతు. అదీ పంతొమ్మిది రోజుల పనే. ఆ తర్వాత గవరయ్యకు విశ్రాంతి. మోకాళ్లు అరిగిపోయాయని మేడమే ఆ మాట ఇచ్చింది.

సాయంత్రం కాల్చిన కొబ్బరిముక్క కొక్కేనికి గుచ్చి గట్ల మీద బోనులు పెట్టడం, తెల్లారి బురదలో దిగి వాటిని ఏరుకోవడం, బస్సు మీద వేసుకుని మాయాబందర్ తీసుకెళ్లడం ఆయన పని. బోను ఎత్తే ముందు ఎలుకకి దణ్ణం పెట్టుకుంటాడు. ఎంతైనా అది వినాయకుడి వాహనం. దారి పక్కింటి కాసులమ్మ కంచె మీంచి టీ గ్లాసు అందిస్తుంది. రాంచీ నుంచి వలసొచ్చిన కుటుంబంలో పుట్టిన బస్సు డ్రైవరు, స్టాపు లేకపోయినా ఆయన కోసం బండి ఆపుతాడు.

"ఆజ్ కిత్నే సవారీ, దాదా?" ఈ రోజు ఎంతమంది ప్రయాణికులని ఆ డ్రైవరు పరాచికం.

"జీరో, భయ్యా."

అలా వరసగా ఆరు రోజులు జీరోయే. మేడం మాత్రం, ఖాళీ బోను కూడా లెక్కే, రాసుకోవాల్సిందే అంది. ఏడో రోజు నుంచి ఎలుకలు పడడం మొదలైంది. రెండు, మూడు, మళ్లీ రెండు.

పద్నాలుగో రోజు పొద్దున గవరయ్య ఒక బోను ఎత్తి చాలాసేపు చూశాడు. లోపల ఎలుక ఉంది. కొక్కేనికి కొబ్బరిముక్క పంటిగాటు లేకుండా ఉంది. ముక్క లాగకపోతే తలుపు పడదు. పైగా ఎలుక వెన్ను మీద గోనెపీచు అంటుకుని ఉంది. పక్క బోనులోనూ అంతే. ఇన్నాళ్లూ ఎలుక పడిందా లేదా అనే చూశాడు గానీ, ముక్క సంగతి పట్టించుకోలేదు.

ఆ పొలం నూకరత్నానిది. యాభై దాటిన మనిషి, మొగుడు పోయాక ఒంటరిగా సేద్యం చేసుకుంటోంది. గట్టు మీద గడ్డి కోస్తోంది.

"రత్నం, నా బోన్ల కాడికి ఎవులన్నా వస్తన్నారేటి?"

"ఎవులొస్తారన్నియ్యా? ఎలకలకి కూడా దొంగలుంటారేటి?"

"మరి కొబ్బరి ముట్టకుండా లోనికెల్లి, తలుపు తనే ఏసుకుందేటే?"

ఆమె నవ్వింది. నవ్వుతూనే కుడిచెయ్యి కొంగులో దాచుకుంది.

"ఆరు దినాలు ఖాళీ బోన్లు మోసుకెల్లావు. నీ మొకం సూడలేకపోనాను. ఆ మేడం ఎన్ని మాటలంటందో అనుకున్నాను. మా బియ్యం గదిలో బోలెడున్నాయి, నాలుగు నీకిస్తే నాకేటి పోద్ది?"

"ఓలమ్మా! నా మొకం అలాగున్నది బోన్ల వల్ల కాదే, మోకాళ్ల నొప్పివల్ల!"

ఎలా పట్టావని అడిగితే, గోనెసంచి కప్పి చేత్తోనే పట్టానంది. చెయ్యి చూపించమన్నాడు. బొటనవేలి దగ్గర గాటు, మీద పసుపు.

"కొరికిందా?"

"గోకిందంతే. మొదటిరోజు."

అంటే ఎనిమిది రోజులు. గవరయ్య మెల్లగా అడిగాడు, "జొరమేటన్నా ఉందా?"

"నిన్నట్నుంచి ఒళ్లు కాలతంది. వానలో తడిసాను కదా. పిక్కలు పీకేస్తన్నాయి."

జ్వరమొచ్చిన ప్రతి మనిషినీ మేడం ముందుగా అడిగేది పిక్కల గురించే. గవరయ్య చేతిలో బోను కింద పెట్టేశాడు. "సింహాద్రప్పన్నా" అన్నాడు.

"అసుపత్రికి పద."

"నానెల్లను. ఎలాగైందని అడుగుతారు. నిజం సెప్తే నీ పని పాడైపోద్ది. ఐదు దినాలే కదా, అయిపోనీ. ఆనక ఎల్దుము."

ఆమె చెప్పిందీ నిజమే. నోరు మూసుకుంటే ఐదు రోజుల్లో ఆయన మంచమెక్కి పడుకోవచ్చు. అంత అలసిన మనిషికి ఆ మాట ఎంత తీపిగా వినిపించిందో దేవుడికే తెలియాలి. కాసేపు బురద కేసి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చేతులు చొక్కాకి తుడుచుకుని ఫోను తీశాడు.

"మేడం, ఈ ఎనిమిది దినాలూ నాను తెచ్చిన ఎలకలు పొలం ఎలకలు కావు."

జరిగిందంతా చెప్పాడు. తిడుతుందనుకున్నాడు.

"ఆవిడకి జ్వరం ఎప్పట్నుంచి? పిక్కల నొప్పి ఉందా? ముందు ఆవిణ్ణి తీసుకురండి గవరయ్య గారూ. ఎలకల సంగతి బాద్ మే చూద్దాం."

ఆ రోజు డ్రైవరు పరాచికమాడలేదు. ముందు సీటు ఖాళీ చేయించి నూకరత్నాన్ని కూర్చోబెట్టి, తాను తెచ్చుకున్న మంచినీళ్ల సీసా ఇచ్చాడు. ఆసుపత్రిలో రక్తం తీసుకున్నారు. పరీక్ష ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టారు. రెండు రోజులు ఆమె కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. గవరయ్య వరండాలో ఒక బల్ల మీద కూర్చుని, రామనామం అనుకుంటూ కునుకు తీస్తూ గడిపాడు. నాలుగోరోజుకి జ్వరం దిగింది. అది ఎలుక జ్వరమేనని పరీక్షలోనూ తేలింది.

మేడం వరండాలోకి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆమె కూడా బాగా అలిసిపోయి ఉంది.

"ఎనిమిది రోజులే కొట్టేస్తే సరిపోదా మేడం?"

"ఎనిమిదే అని నాకూ నమ్మకమే. కానీ నా నమ్మకం రాతలో చెల్లదండీ. ఈ సీజన్ పొలం లెక్క మొత్తం తీసెయ్యాలి. మళ్లీ వచ్చే వానలకే." ఆయన మోకాళ్ల కేసి చూసి అంది, "మిమ్మల్ని అడగను. ఇంకొకరిని చూసుకుంటాను."

గవరయ్య మోకాళ్లు రుద్దుకున్నాడు. "ఏ గట్టు మీద ఏ బోను ఎట్టాలో కొత్తోడికి ఎవులు సూపిస్తారమ్మా? నానే వస్తాను."

ఆమె లేస్తూ చెప్పింది, ఆ తెచ్చిన ఎలుకల్లో ఐదింటిలో క్రిమి ఉందట, ఆ బియ్యం గది ముందు శుభ్రం చేయించమంది.

నూకరత్నాన్ని ఇంటికి తెచ్చిన మర్నాడు గవరయ్య రబ్బరు చేతొడుగులు, బూట్లు వేసుకుని, బ్లీచింగ్ పౌడరు కలిపిన బకెట్టుతో ఆ గదిలోకి దిగాడు. ఆమె వరండాలో నులకమంచం మీద నుంచి తొంగిచూసింది.

"వచ్చే వానలకి కూడా నువ్వేనటగా. నావల్లే కదన్నియ్యా."

"మాటాడకుండా గంజి తాగు."

"నా మీద కోపమొచ్చిందా?"

"కోపానికి కూడా ఓపికుండాల కదే."

ఆమె కళ్లు తుడుచుకుంది. గవరయ్య గోడ పట్టుకుని వంగి, బస్తాలు ఒక్కొక్కటే జరిపి నేల కడిగాడు. సగం గది అయ్యేసరికి నడుం లేవనంది. గుమ్మం మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాడు. కాసులమ్మ చడీచప్పుడు లేకుండా వచ్చి, ఇంకో చీపురు పట్టుకుని లోపలికి వెళ్లబోయింది.

"ఆగు, ముందు బూట్లేసుకో" అని తన కాళ్లవి విప్పి ఆమెకిచ్చాడు.