పంక్ దుకాణంలో నా గొంతు

మొన్న నల్లగొండలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ముందు నిలబడితే టంకం పొగ ముక్కుకు తగిలింది. యాదగిరన్న గుర్తొచ్చి కళ్లు తడిశాయి. మోత్కూర్‌లో మైకుసెట్ల దుకాణం నడుపుతూ, వెనక గది గోడలకు గోనెసంచులు కొట్టి పాటల కంపెనీ పెట్టిన మనిషి ఆయన. వయసులో ఉన్నప్పుడు బొంబాయిలో బ్యాండువాళ్లకు స్పీకర్లు మోశాడట. పంక్ అనే అరుపుల పాట అక్కడే విన్నాడు. గిటారు మీద మూడు పట్లు వస్తే చాలు, మిగతాదంతా కోపమే, దానికి మన దగ్గర కొదవా అనేవాడు.

తెలంగాణ వచ్చిన కొత్తలో దుకాణం మీద 'పంక్ రికార్డ్స్' అని బోర్డు రాయించాడు. మా వైపు ఫ్యానును పంఖా అంటాం. ఇంకేముంది, ఊళ్లో చెడిపోయిన ఫ్యాన్లన్నీ ఆయన గుమ్మం ముందు చేరాయి. మేమూ అలా వెళ్లినవాళ్లమే. బోర్డు నేనే చదివి, రాసినవాడికి అక్షరాలు రావని నవ్వుకుని, అమ్మను లోపలికి తీసుకెళ్లాను. ఆయన ఫ్యాను అందుకుని విప్పాడు. ఇంతలో అంగట్లో అమ్మడానికి తెచ్చిన మా మేక ఎదుటి కూరగాయల బుట్టలో మూతి పెట్టింది. గడప దగ్గర్నుంచే కేకేశాను. మాది గొర్లు కాసే ఇల్లు. నా కేక గుట్ట అవతలికి వినపడుతుంది. బడిలో ప్రార్థనప్పుడు పెదాలు మాత్రమే కదపమని టీచరమ్మ చెప్పిన గొంతు అది. యాదగిరన్న పని ఆపి, "పాట పాడుతవా చెల్లే?" అన్నాడు. ఎగతాళి అనుకుని మూతి ముడుచుకున్నాను.

నిజంగానే అడిగాడని తర్వాత తెలిసింది. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మా ఊరి కుర్రాళ్లు ముగ్గురు, సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా ఆయన దగ్గర గిటార్లు, డ్రమ్ములు వాయించేవాళ్లు. పెళ్లి బరాతుల్లో వాళ్లను రెండో పాటకే దింపేసేవాళ్లు పాపం. వాళ్లతో కలిసి, మా గొర్లు మేసే జాగలో రాళ్లు పాతి ప్లాట్లు చేసినవాళ్ల మీద పాట కట్టాం. తీరా మైకు ముందు నేను గొంతు సన్నం చేసి గారాలు పోయాను. అన్న తల పట్టుకున్నాడు.

"రేడియోల పాడుతలేవు చెల్లే. గొర్లు చేన్ల పడ్డయనుకో. ఎట్ల పిలుస్తవో గట్ల పాడు."

పాడాను. అది ఇంకా బయటికి రాకముందే కుర్రాళ్లలో ఒకడు పంపితే విని, హైదరాబాద్‌లోని పెద్ద పాటల కంపెనీవాళ్లు ఫోన్ చేశారు. పాట తీసుకుంటాం, కాస్త బాగుచేసుకుంటాం అన్నారు. నీ పాట, నీ ఇష్టం అన్నాడు యాదగిరన్న. ఆయనకు ఇష్టం లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. పేరొస్తుందన్న ఆశతో సరేనన్నాను. పాటలో 'జాగ' పోయి 'స్థలం' వచ్చింది. నా గొంతును మిషన్లో పెట్టి నున్నగా తోమారు. ఆ పాట ఫోన్లో వినిపిస్తే అమ్మ సంతోషంగా తలూపింది.

"మంచిగ పాడింది. ఎవలు గీ పిల్ల?"

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు వెళ్లి యాదగిరన్న ముందు ఏడ్చాను. నేను అప్పుడే అనుకున్నానని ఆయన ఒక్క మాటా అనలేదు. మొదటి పాట చెరపకుండా దాచానని చెప్పి, మెమరీ కార్డు చేతిలో పెట్టాడు. ఇంట్లో ఆ పాట మొదలైన రెండు ముక్కలకే అమ్మ బియ్యం ఏరడం ఆపేసింది.

"గిది నువ్వే బిడ్డా," అంది.

ఆ కార్డు పాట తర్వాత ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి ఎక్కుతూ, ఎక్కడో దూరాన ఉన్న కోస్గి అంగడి దాకా పోయింది. యాదగిరన్న చనిపోయి మూడేళ్లయింది. ఆ వెనక గదిలో తయారైన పాటలు మొత్తం పదకొండు. అంగళ్లు దాటితే వాటిలో ఒక్కటీ ఎవరికీ తెలియకపోవచ్చు. నేను ఇంకా పాడుతున్నాను. మైకు ముందుకు రాగానే అందరూ గొంతు సవరించుకుంటారు. నేను సవరించుకోను.