మొదటి ప్రశ్నకే సబ్బుపెట్టె

పందొమ్మిది వందల యాభైల్లో, నేను మైదుకూరులో బడిపంతులుగా ఉన్నప్పుడు, కర్నూలులో ఉపాధ్యాయులకు విజ్ఞాన పోటీ పెట్టారు. మొదటి ప్రశ్నకే ఓడిపోయాను. పెన్నా నది ఎక్కడ పుడుతుందని అడిగారు. నెల కిందటే పిల్లలకు చెప్పిన పాఠం. అంతమందిని చూసేసరికి నోరు పెగల్లేదు. నాలాంటి వాళ్లకు ప్రోత్సాహక బహుమతి అని తలా ఒక రేకు సబ్బుపెట్టె ఇచ్చి పంపారు.

తిరుగు బస్సులో దాన్ని కండువా కింద పెట్టుకుంటే పక్కనున్న పెద్దావిడ చూసింది. ప్రొద్దుటూరులో నేతపని వాళ్లట.

"ఏమప్పా, ఎందుకట్ల దాస్తాండావు?"

జరిగింది చెప్పాను. సోమవారం పిల్లలకు మొహం ఎలా చూపించాలో తెలియడం లేదన్నాను.

ఆమె నవ్వలేదు. "మేం నూలు ఉతికేది పెన్నలోనే. అది యాడ పుడ్తాదో నాకూ తెల్దు. చెప్పప్పా."

"నందికొండల్లోనమ్మా, మైసూరు సీమలో."

"అంత దూరం నుంచా!" ఆమె నా వైపు తిరిగి కూర్చుంది. "ఆడ్నుంచి యా దోవన వస్తాది?"

హిందూపురం, తాడిపత్రి, గండికోట... ఒక్క ఊరూ తప్పకుండా చెప్పాను. గుండె తేలికైంది.

"నీకు శానా తెల్సప్పా" అంది, నేను దిగుతుంటే.

సోమవారం, ఓడిపోయానని నేనే పిల్లలకు చెప్పాను. అందరూ పడీపడీ నవ్వారు. తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల మాత్రం లేచి, "మీరు అడిగితే నాకూ అట్లే అయితాది అయ్యవారూ" అంది.

వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుని, పెన్నా ఎక్కడ పుడుతుందని మెల్లగా అడిగాను. చెప్పింది.