రిజిస్టరులో లేని కుక్క

2022లో నేను తమిళనాడులో ఎట్టయాపురం పక్క పల్లెలకు లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నాను. అంటే పశువుల డాక్టరు కింది ఉద్యోగం. సూదులు వెయ్యాలి, మందులు ఇవ్వాలి, రిజిస్టర్లు రాయాలి. రైతుల లెక్కలో సగం డాక్టరు, ఆఫీసు లెక్కలో సగం గుమాస్తా. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఈ రెండు సగాలూ కలిపి నన్ను ఒక మనిషిగా చూసిన రోజు నాకు గుర్తులేదు.

మా వైపంతా నల్లరేగడి మెట్ట. చేల మధ్య సీమతుమ్మ పొదలు, వాటిలో నక్కలు. కోళ్లను, మేకపిల్లలను ఎత్తుకుపోతాయి. అయినా వాటిని ఎవరూ చంపరు. పొద్దున్నే నక్క ముఖం చూస్తే ఆ రోజు కలిసివస్తుందని నమ్మకం. నక్కకు దండం పెట్టే చేత్తోనే నక్కను తరమడానికి కుక్కను పెంచుతారు. కన్ని అని మా ప్రాంతపు జాతి. సన్నని నడుము, పొడుగు కాళ్లు, నలుపు మీద గోధుమరంగు మచ్చలు. పూర్వం ఈ జాతి కుక్కపిల్లను అమ్మేవారు కాదు, ఆడపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు ఒడిలో పెట్టి పంపేవారు. కొన్ని ఇళ్లలో ఇప్పటికీ అంతే.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒక తెలుగువాళ్ల పల్లెలో ఏఆర్‌వీ క్యాంపు పెట్టాను. ఏఆర్‌వీ అంటే కుక్కలకు వేసే రేబీస్ టీకా. దాన్ని వ్యాక్సిన్ క్యారియర్‌లో, అంటే ఐసుగడ్డలు పెట్టిన చిన్న పెట్టెలో తీసుకుపోతాం. ఐసు కరిగేలోగా పని ముగించాలి. రెండు గంటలు ఎండలో నిలబడ్డాను. ఒక్క కుక్కనూ తేలేదు. ఆ వీధికి పెద్ద రంగసామి. ఆయన అరుగు మీద నుంచి లేవకుండానే, వీధంతా వినేలా అన్నాడు:

"ఊసి వేస్తే కుక్క సోంబేరి అయిపోతాది. రేపు నక్క వస్తే నువ్వు వచ్చి తరుముతావా, ఊసికారా?"

అక్కడి మాటలో ఊసి అంటే సూది. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో వరసగా ఇప్పుడు కూడా చెప్పగలను. కూర్చోమని ఒకరు స్టూలు వేశారు. దానికి ఒక కాలు పొట్టి.

రిజిస్టరు తెరిచి ఆ పేజీకి అడ్డంగా గీత గీసి, 'వీధి మొత్తం నిరాకరణ' అని రాసి సంతకం పెట్టాను. అంతకు ముందు ఏడాది టీకాలు తక్కువ వేశానని ఆఫీసు నాకు మెమో ఇచ్చింది. ఈసారి తప్పు ఎవరిదో రుజువు కావాలని ఆ పేజీ నకలు జోడించి జిల్లా ఆఫీసుకు రెండు పేజీల ఫిర్యాదు పంపాను. రంగసామి పేరు అందులో నాలుగుసార్లు వచ్చింది.

సెప్టెంబరులో ఒక ఉదయం తొమ్మిదింటికి ఆ పల్లె నుంచి ఫోను. ఒక కుక్కను నక్క కరిచిందట. మా పశువుల డాక్టరమ్మ జీపులో వస్తానంది. నేను బండి మీద ముందే చేరాను. కుక్క రంగసామి ఇంటిదే. పేరు రాణి. ఆయన కోడలు సుబ్బులు పెళ్లికి పుట్టింటి నుంచి తెచ్చుకున్న కుక్క. భర్త శివకాశిలో పని, తెల్లవారకముందే ఫ్యాక్టరీ వ్యానులో పోతాడు. పగలంతా చేనిదగ్గర ఆమెకు తోడు రాణి.

జరిగింది సుబ్బులు చెప్పింది. పట్టపగలు ఒక నక్క తూలుతూ, నోట చొంగ కారుస్తూ నేరుగా చేనిగట్టు మీదికి వచ్చింది. మనిషిని చూసినా పారిపోలేదు. మామగారేమో, నక్క తానే ఎదురొచ్చి ముఖం చూపించిందని రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. అది ఆయన కాళ్ల దాకా వచ్చింది. రాణి మధ్యలో దూకింది. మెడ దగ్గర రెండు కాట్లు. నేను చేరేలోగానే నక్క బావి పక్కన చచ్చి కనిపించింది. రేబీస్ పట్టిన జంతువు తీరే అది.

నేను చెయ్యవలసింది ఆ కాట్లను చూడటం. నేను చేసింది రంగసామి ముందు నిలబడటం.

"ఫిబ్రవరిలో ఏమన్నారు పెద్దాయనా? ఇప్పుడు తరిమేదెవరు?"

ఆయన కిందికి చూస్తూ ఉన్నాడు. ఒక్క మాట చెప్పించాలని నేను మళ్లీ అడిగాను. అప్పుడు కనిపించాయి సుబ్బులు చేతులు. మోచేతుల దాకా తడి, వేళ్ల మీద పత్తికాయలు గీరిన గాట్లు. కుక్క మెడను సబ్బుతో కడిగింది ఆమే, ఒట్టి చేతులతో.

"నువ్వు ముందు ఆసుపత్రికి పోమ్మా. చొంగ తగిలింది. నీకూ టీకా పడాలి" అన్నాను.

"పోతాను అన్నా. రాణికి ఏం కాదు కదా? దానికి ఊసి వేసినారు కదా."

"ఎవరు వేశారు?"

"మీరేనే!"

"ఈ వీధిలో ఒక్క కుక్కకూ వెయ్యలేదు. రిజిస్టరు ఉంది."

అప్పటికి జీపు దిగిన డాక్టరమ్మ ఈ మాట విన్నది. ఆమె తెలుగు మనిషి కాదు, వింటే అర్థమవుతుంది, తమిళంలో నన్ను అడిగింది: టీకా పడిన కుక్కయితే మళ్లీ టీకా వేసి నలభై ఐదు రోజులు విడిగా కట్టి చూద్దాం. పడనిదయితే, ఇంత మంది ఉన్న ఇంట్లో, చంపించడమే క్షేమం. పడిందా, లేదా? కాగితం ఏది?

సుబ్బులు కుక్క మెడలో గొలుసు వదల్లేదు. "కాగితం ఈయలేదమ్మా. ఆ క్యాంపు అయినంక, బస్సు ఆగే కాడ. ఈ అన్న పెట్టెమీద కూచోని ఉండె. మామకు తెలీకుండా రాణిని తోలుకపోతిని. చెంబుతో మజ్జిగ తెచ్చిస్తిని." నా వైపు తిరిగింది. "ఉప్పు ఎక్కువైందని అంటిరే అన్నా!"

ఉప్పు అనగానే గుర్తొచ్చింది.

అవును, నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు. ఆ ఎండ, రాని బస్సు, సగం కరిగిన ఐసు, ఉప్పు మజ్జిగ. సుబ్బులు ముఖం మాత్రం గుర్తులేదు. ఎవరో ఒకామె కుక్కను తెస్తే, ఎటూ కరిగిపోయే ఐసే కదా అని పది డోసుల వయల్, అంటే మందు సీసా, ఒకటి తెరిచి ఒక డోసు వేశాను. రిజిస్టరు అప్పటికే సంచిలో పెట్టేశాను. గీత గీసిన పేజీని మళ్లీ తెరవబుద్ధి కాలేదు. తెరిస్తే 'మొత్తం' అన్న మాట కొట్టెయ్యాలి. కార్డు కూడా ఇవ్వలేదు.

వేశానని చెబితే నా ఫిర్యాదు అబద్ధమవుతుంది. ఊరుకుంటే కుక్క చస్తుంది. రంగసామి తలెత్తాడు.

"వేసింటే వేసినానని రాయప్పా. నేను వద్దంటిని, అది నిజమే. అది కూడా రాసుకో."

ఏడు నెలలుగా ఆ మాట కోసమే చూశాను. తీరా చేతికొచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"వేశానమ్మా" అన్నాను డాక్టరమ్మతో. ఉత్త నోటిమాట నమ్మనన్నది ఆమె. సబ్ సెంటరుకు పోయి స్టాకు పుస్తకం తెచ్చాను. ఫిబ్రవరిలో ఆ తేదీకి నా రాతలోనే ఉంది: ఒక వయల్ తెరిచినది, వృథా. ఒక్క కుక్కా రాని వీధిలో వయల్ ఎందుకు తెరిచావని ఆమె అడిగింది. ఆ ప్రశ్న ఆఫీసులో ఎవరూ అడగలేదు. అక్కడే, పొట్టి కాలు స్టూలు మీద కూర్చుని, రిజిస్టరులో గీత కింద రాణి పేరు, సుబ్బులు పేరు రాసి, ఆలస్యంగా రాసినందుకు కారణం కూడా రాసి సంతకం పెట్టాను. డాక్టరమ్మ చదివి పక్కన తన సంతకం పెట్టింది.

ఆ రోజే రాణికి మళ్లీ టీకా వేశాం. పశువుల కొట్టంలో విడిగా గొలుసు వేసి కట్టించాం. సుబ్బులు ఆసుపత్రిలో తన డోసులన్నీ తప్పకుండా వేయించుకుంది. నేను రోజు విడిచి రోజు పోయి చూశాను. నీళ్లు తాగుతోందా, దవడ జారుతోందా, పిలిస్తే చూస్తోందా. నలభై ఐదు రోజులూ తాగింది, చూసింది. నన్ను చూస్తే మాత్రం మొరిగేది.

నాకు మెమో వచ్చింది. అందులో 'నిర్లక్ష్యం' అని రాశారు. జరిగింది నిర్లక్ష్యం కాదు, కోపం. ఆ మాట మార్చాలని మూడు జవాబులు పంపాను. మార్చలేదు. ఇక పంపే ఓపిక లేదు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది చిన్నదే. ఇప్పుడు క్యాంపులో రానివాళ్ల సంగతి చివర రాస్తాను. వచ్చినవాళ్ల పేరు సూది తీసిన వెంటనే, నిలబడే రాస్తాను. నవ్వినవాళ్ల పేర్లు రాయనక్కర్లేదు, అవి నాకు ఎలాగూ గుర్తుంటాయి. ఎండలో నడిచి చెంబు తెచ్చినవాళ్లను నేను మరిచిపోతానని తెలిసింది కాబట్టి రాసుకుంటున్నాను.

నలభై ఐదో రోజు గొలుసు విప్పాక సుబ్బులు మజ్జిగ ఇచ్చింది. ఉప్పు ఎక్కువే. మొత్తం తాగి చెంబు ఇచ్చేశాను.