ఒకే పానాతో విడిపోయే మిషను

ఆదివారం, సాయంత్రం అయిదు గంటలు. హాజరైనవారు: నేను, మా తమ్ముడు, మరదలు, రొయ్యల చెరువుల ఆసామి, ఆయన చెరువు చూసుకునే మనిషి.

ఈ ఉదయం పాలకొల్లు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, దారికి రెండువైపులా చెరువుల్లో ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతూ కనిపించాయి. కొన్ని మావాళ్లవి, రెక్కల ఆకుపచ్చ రంగును బట్టి పోల్చుకున్నాను. ఇంటికి రాగానే కొన్నేళ్ల కిందటి డైరీ తీశాను. పై వాక్యాలు అందులోవే. హాజరు వేయకుండా ఏ సంగతీ రాయలేకపోవడం బడిపంతులు ఉద్యోగం నాకు అంటించిన జబ్బు.

నీళ్లలో గాలి చాలకపోతే గంటల్లోనే రొయ్యల పంట పోతుంది. ఆ గాలి కలిపే మిషన్లను మా తమ్ముడు పాలకొల్లు శివారు షెడ్డులో తయారుచేస్తాడు. వాడి చేతిలో ఇనుము మాట వింటుంది గానీ, కొనేవాళ్ల ముందు వాడికి మాట పెగలదు. ఆ పని మరదలిది. ఆమె మిషను అమ్మడానికి వెళ్లి, ఆ సంగతే మరిచిపోయినట్టు గట్టుమీద పనివాళ్లతో కబుర్లాడుతూ కూర్చునేది. నాకది కాలక్షేపంలా తోచేది. బయటి రాష్ట్రపు కంపెనీ చవక మిషన్లు దిగాక, రేకు మందం తగ్గించి ధర దించమంటూ ఏడు సూచనలు రాసిచ్చాను. చదివి మడతపెట్టి, "మీ దస్తూరి ముత్యాలేనండి బావగారూ," అంది. మెచ్చుకున్నది దస్తూరిని మాత్రమేనని తెలియడానికి నాకు వారం పట్టింది.

ఆ కబుర్లలో ఆమె పట్టింది ఇదీ: రెక్క విరిగితే పనివాడు గుండెల్లోతు నీళ్లలో నిలబడి మార్చాలి. కంపెనీ మిషనుకు మూడు సైజుల నట్లు, మూడు పానాలు. ఒక పానా చేయిజారి బురదలో పడితే అంతే సంగతులు. మరదలు పట్టుబట్టి మా మిషను నట్లన్నీ ఒకే సైజువి పెట్టించింది.

ఆ ఆదివారం ఆసామి నలభై మిషన్లు కొనే ఉద్దేశంతో వచ్చారు. ఆ ఆర్డరు రాకపోతే షెడ్డు మూసి, ఆరుగురు పనివాళ్లను పంపేయడమే. ఆ సంగతి ఆయనకు తెలియదు.

"కంపెనీవాడు మీకంటే తక్కువకే ఇస్తానంటున్నాడమ్మా. చూసి చూసి ఎక్కువెందుకు పెట్టమంటారు?" అన్నారు.

"పెట్టొద్దండి. రేపు పొద్దున్న మీ చెరువులో మాదీ వాళ్లదీ రెండూ దింపించండి. మీ మనిషే దిగి ఒక్కోదానికి ఒక రెక్క ఊడదీసి బిగిస్తాడు. ఏది ముందయితే అది తీసుకోండి," అంది మరదలు.

చెరువు మనిషి నవ్వాడు. "చలికాలం నీళ్లండి. నన్ను దింపి మీరు గట్టుమీద టీ తాగుతారా అమ్మగారూ?"

"నీకూ ఉంచుతాలే. అల్లం వేసి."

తమ్ముడు నా చెవిలో గొణిగాడు: "మన నట్లు మరీ గట్టిగా బిగించేశానన్నయ్యా. ఇప్పుడు వదులు చేస్తే మోసమవుద్దని ఈవిడ ఒప్పుకోదు."

తెల్లవారి ఏడింటికి అందరం గట్టుమీద ఉన్నాం. కంపెనీ మిషను దగ్గర రెండో పానా నీళ్లలో జారింది; చెరువు మనిషి కాళ్లతో తడిమి తడిమి నాలుగోసారికి పట్టుకున్నాడు. మా మిషను మొదటి నట్టు కదల్లేదు. తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. ఆ మనిషి రెండు చేతులా గుంజితే కిర్రుమంది. మిగతావి వరసగా వచ్చేశాయి. "నలభై రాసుకోండమ్మా," అన్నారు ఆసామి.

మరదలు విన్నట్టు లేదు. గట్టెక్కిన మనిషి అరచేయి పట్టుకుని చూస్తోంది. మా రెక్క అంచు గీసుకుని నెత్తురు చిమ్మింది. "ఈ అంచు లోపలికి మడవాలండి, ఇవాళే," అంది తమ్ముడితో. రాత్రంతా మమ్మల్ని నిద్రపోనివ్వని ఆ ఘడియ, ఆమెకు అప్పుడే నిన్నటిదైపోయింది.