నలుగురిలో ‘సరే’ అనేశాను

మా చిన్నమ్మాయి సునీత నార్వే వెళ్తోందండోయ్! ఇక్కడ యూనివర్సిటీలో విత్తనాల ల్యాబులో పనిచేసే మా పిల్లని, ఆరు నెలలు తమతో కలిసి పనిచేయడానికి అక్కడి యూనివర్సిటీ వాళ్ళు రమ్మన్నారు. సంతోషంతో ఒళ్ళు తేలిపోతోంది. భయం మాత్రం వదలడం లేదు.

పొద్దున కల్లంలో మిరపకాయలు తిరగేయిస్తుంటే ఫోన్ చేసింది.

“నాన్నా, సాయంత్రంలోగా వాళ్ళకి చెప్పాలి. నువ్వు సరే అంటేనే వెళ్తా.”

“అంత చలిలో, మన మాట తెలిసినవాళ్ళు లేనిచోట, జ్వరమొస్తే ఎవరే నీకు?”

“గుంటూరు కాలేజీకి బస్సెక్కించినప్పుడూ ఇదే అడిగావు నాన్నా!”

అప్పుడూ ఇంతే భయపడ్డాను. అయినా “సరే, వెళ్ళమ్మా” అని గట్టిగా అనేశాను. కూలీలతో కలిసి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న కోటమ్మ తలెత్తి, “అందరం విన్నాం బాబాయ్! కల్లంలో అన్నమాట, ఇంక వెనక్కి లేదు!” అంది.

నిజమే. నలుగురిలో బేరం ఒప్పుకున్నాక, మర్నాడు మిర్చి రేటు పెరిగినా నేనెప్పుడూ మాట మార్చలేదు. కానీ సాయంత్రంలోగా ఈ భయం నా చేత “వద్దులే తల్లీ” అనిపిస్తుందేమో! అందుకే ఇక్కడ అందరికీ చెప్పేస్తున్నాను. పిల్లల్ని అంతదూరం పంపినవాళ్ళుంటే కాస్త ధైర్యం చెప్పండి.

మావాళ్ళెవరైనా ఇది చూస్తే వినుకొండ అక్కయ్యకి, సత్తెనపల్లి బావమరిదికి, కనిగిరిలో మా పెద్దమ్మాయి అత్తవారికి ఈ కబురు తప్పకుండా అందించండి. మా అమ్మకు మాత్రం చెప్పకండి. నా గొంతు వణకడం తగ్గాక నేనే చెప్పుకుంటాను.