నీడకు తాళం

మా పేట నడుమ ఉన్న స్తంభం నీడకు తాళం వేశారు. కోపంలో అలంకారం కోసం అంటున్న మాట కాదిది. స్తంభం చుట్టూ, దాని నీడ పడే మేరంతా కలిపి, నిలువెత్తు ఇనుప కంచె కట్టారు, కంచెకు గేటు పెట్టారు, గేటుకు తాళం వేశారు. పొద్దుటి నీడ కంచె లోపల కొత్తగా పరిచిన గడ్డి మీద పడుతుంది. ఆ గడ్డి మీద కూర్చునే మనిషి లేడు. కూర్చోవలసిన మనుషులు కంచె బయట ఎండలో ఉన్నారు. మొన్న ఎండాకాలంలో ఆ కంచె పట్టుకుని నిలబడితే చెయ్యి చుర్రుమంది, పచ్చ రంగు అరచేతికి అంటింది. నా పక్కనే ఒక ఆడమనిషి కొత్తిమీర కట్టల మీద నీళ్ళు చల్లుతోంది. ఎండకు సొమ్మసిల్లిన కొత్తిమీర మీద నీళ్ళు పడినప్పుడు ఒక వాసన లేస్తుంది, సగం పచ్చిది, సగం ఉడికినది. ఆ వాసనకు నాకు బుచ్చవ్వ గుర్తుకొచ్చింది. ఆమె ఉండి ఉంటే ఈ తాళం ఒక్క పూట కూడా నిలిచేది కాదు.

మాది జగిత్యాల నుంచి కోరుట్ల పోయే దారి పక్కనున్న పేట. ఆ స్తంభాన్ని నిజాం కాలంలో, రాజు ఏలుబడికి జూబిలీ అయిందని ఊరి పెద్దలెవరో కట్టించారట. నలుగురు చేతులు చాపి పట్టుకుంటే గాని చుట్టు అందనంత లావు. కింద రాతి గద్దె. గద్దె మీద ఏదో చెక్కి ఉండేది గాని వీపులు ఆనించి ఆనించి జనం దాన్ని నున్నగా చేశారు. ఆ చుట్టుపక్కల అప్పట్లో ఇంకో నీడ లేదు. అందుకని స్తంభం నీడ పడమట పడే పొద్దున పడమట, తూర్పున పడే సాయంత్రం తూర్పున అంగడి సాగేది. గంపలు, చాపలు, గోనెపట్టాలు అన్నీ నీడతో పాటు జరుగుతూ పోయేవి. మిట్టమధ్యాహ్నం మాత్రం నీడ ముడుచుకుని గద్దె మొదట్లోకి వచ్చేది. అప్పుడు ఇద్దరు ముగ్గురికే జాగా. తగువులన్నీ అప్పుడే.

నేను సిరిసిల్లలో మగ్గాల ఇంట్లో పుట్టిన వాణ్ణి. బడి చదువు నాకు అబ్బలేదు. మరమగ్గాలు వచ్చి మా చేతిమగ్గానికి పని తగ్గిన రోజుల్లో తువ్వాలలు, లుంగీలు మూటగట్టుకుని ఈ పేటకు వచ్చాను. పెళ్ళయి, మీసం దిట్టంగా పెంచిన వయసు. మొదటి రోజే నీడలో మంచి జాగా చూసుకుని మూట విప్పాను. ఎదురుగా జామకాయల గంప ముందు కూర్చున్న ఒక నడివయసు మనిషి నన్ను కిందికీ మీదికీ చూసింది. ఆమే బుచ్చవ్వ.

"ఓ పిలగా, నీ తువ్వాలలు వాడుతయా?"

"తువ్వాలలు వాడుడేంది అవ్వా?"

"మరి నీడల ఎందుకు పెట్టినవ్? లే. పాలకూర అస్తంది."

"ముందు నేనచ్చిన."

"అందరికన్న ముందు అచ్చింది సూర్యుడు. ఆయినే జరుగుతుండు. నువ్వు జరగవా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను జరిగాను గాని లోపల మండిపోయాను. తర్వాత తెలిసింది, అది ఆ అంగడి కట్టుబాటు. ఎండకు ఏది ముందు వాడిపోతుందో దానికి ముందు నీడ. ఆకుకూర, పూలు, పండ్లు, ఆఖరికి బట్టలూ సామాన్లూ. వీటన్నిటికన్నా ముందు మనిషి. జ్వరమొచ్చిన వాళ్ళు, నిండు చూలాలు ఎవరైనా వస్తే పాలకూర కూడా లేవాలి. రాయికల్ నుంచి బీడీలు అప్పజెప్పడానికి వచ్చే ఆడవాళ్ళలో ఎప్పుడూ ఎవరో ఒకరు కడుపుతో ఉండేవారు. వాళ్ళు బస్సు దిగడం చూసి బుచ్చవ్వ ఇక్కడ గంప జరిపేది. ఈ కట్టుబాటును ఆమె పెట్టలేదు, ఆమెకన్నా ముందునుంచీ ఉన్నదే. కాని దాన్ని నిలబెట్టింది ఆమె నోరు. గొల్లపల్లి వైపు పల్లెలో పుట్టి, మొగుడు పోయాక పేటకు వచ్చి, ఆ నోటితోనే బతికిన మనిషి.

నేను రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఎండలో తువ్వాల నెత్తికి చుట్టుకుని కూర్చున్నాను. మూడో నాడు జామకాయ కోసి, ఉప్పూ కారం అద్ది నా ముందు పెట్టింది.

"కోపం మంచిదే కొడుకా. గని తిని కోపం చెయ్యి. ఉత్త కడుపుతోని చేసిన కోపం జల్ది దిగుతది."

ఆ జామకాయ తింటూ నాకు నవ్వొచ్చింది. అప్పటినుంచి నలభై చోట్ల కోపం చేశాను. ఆఫీసుల్లో, బస్సుల్లో, పెళ్ళి పందిళ్ళలో. ఏనాడూ ఖాళీ కడుపుతో చేయలేదు. అందుకే నా కోపం ఇంత కాలం నిలిచింది.

పండ్లు పొట్లం కట్టడానికి ఆమె పాత పేపర్లు తెచ్చుకునేది. తనకు అక్షరం రాదు. నాకు కూడబలుక్కుని చదవడం వచ్చునని తెలిశాక, కాగితం చింపే ముందు చదివించడం మొదలుపెట్టింది. "చదివినంకనే చింపుడు" అన్నది ఇంకో కట్టుబాటయింది. గిరాకీ నిలబడి ఉండేవాడు, నేను చదువుతుండేవాణ్ణి. మూడు నెలల కింది వార్తలకు ఆమె ఆ రోజే జరిగినట్టు రేగిపోయేది. ఎక్కడో వంతెన కూలిందని చదివితే, "మరి కట్టినోన్ని పట్టుకున్నరా?" అని అడిగేది. నాకు తెలియదంటే, "తర్వాతి కాయితం ఏది? దేవులాడు" అని గంపంతా తిప్పించేది. పొట్లాల కాగితాల్లో వార్త మొదలు దొరికితే చివర దొరకదు. ఆ చివర కోసమే నేను గ్రంథాలయానికి పోవడం నేర్చుకున్నాను. నా చదువంతా అట్లా జామకాయల వాసనతో వచ్చిందే.

అవి అన్నల కాలం, అంటే నక్సలైట్ల కాలం. పల్లెల నుంచి దొరలు కొందరు కోటల్లాంటి తమ గడీలకు తాళాలు వేసి పట్నాలకు చేరుతున్న రోజులు. ఒక మధ్యాహ్నం తెల్ల ధోవతి కట్టిన ఒక పెద్ద దొర బస్సు కోసం వచ్చి సరాసరి గద్దె మొదట్లో నిలబడ్డాడు. ఆయన ఊళ్ళో అయితే ఎదురుగా చెప్పులు వేసుకుని నడిచేవాళ్ళు లేరు. మేమంతా అలవాటుకొద్దీ లేవబోయాం. బుచ్చవ్వ కూర్చునే ఉంది.

"దొరా, జర అటు జరుగుండ్రి. పాలకూర వాడుతంది."

ఆయన పాలకూరను చూశాడు, ఆమెను చూశాడు. ఏమనుకున్నాడో ఎండలోకి జరిగి గొడుగు విప్పుకున్నాడు. బస్సు వచ్చేదాకా మాలో ఎవ్వరికీ నవ్వాలో భయపడాలో తెలియలేదు. బస్సు కదిలాక పూలమ్మే ఆమె అడిగింది, "అక్కా, భయం కాలేదా?" అని. "ఎందుకు గాలే? గందుకే 'జరుగుండ్రి' అన్న. మామూలుగైతే 'జరుగు' అందును" అంది బుచ్చవ్వ.

బంద్‌లప్పుడు మా బాధ వేరు. అన్నలు మూయమనేవారు, పోలీసులు తెరవమనేవారు. ఎవరి మాట వినకపోయినా ప్రమాదమే. బుచ్చవ్వ ఆ రోజుల్లో గంపకు నిండుగా బట్ట కప్పి గద్దె దగ్గర కూర్చునేది. పోలీసులు వస్తే, "అచ్చిన గద సారు, ఇంకేం గావాలె?" అనేది. వాళ్ళు పోయాక ఇంకెవరైనా కన్నెర్ర చేస్తే, "అమ్ముతలేను గద బిడ్డ, ఊకె కూసున్న" అనేది. సాయంత్రానికి ఆ గంపలోని పండ్లు మేమే తినేవాళ్ళం. బంద్ రోజుల్లో మా పిల్లలు తిన్నన్ని జామకాయలు మామూలు రోజుల్లో తినలేదు.

అసలు సంగతికి వస్తాను. కోస్తా వైపు నుంచి ఒక కుర్ర ఎస్సై కొత్తగా వచ్చాడు. వారం రోజులు దూరం నుంచి మమ్మల్ని గమనించాడట. గంట కొట్టకుండా, మాట లేకుండా, ఇంత మంది ఒక్కసారి లేచి, గంపలెత్తి, జరిగి, మళ్ళీ కూర్చోవడం ఆయనకు కవాతులా కనిపించింది. ఒక మధ్యాహ్నం ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చి నిలబడ్డాడు.

"ఇక్కడ లీడర్ ఎవరు?"

పూలమ్మే ఆమె తల దించుకుని పూలు సర్దుకుంది.

"అందరూ ఒకేసారి లేస్తున్నారు, ఒకేసారి కూర్చుంటున్నారు. సైగ చేసేదెవరు?"

బుచ్చవ్వ చూపుడువేలు పైకెత్తింది. ఎస్సై చప్పున స్తంభం కొస వైపు చూశాడు. కానిస్టేబుళ్ళూ చూశారు.

"పైన ఎవరున్నారు?"

"పొద్దు, సారు."

ఊరి కానిస్టేబుల్ మొఖం తిప్పుకుని దగ్గాడు. ఎస్సై మొఖం ఎర్రబడింది. గంపలన్నీ వెతకమన్నాడు. బుచ్చవ్వ కూర్చునే గోనెపట్టా లేపితే కింద మడతపెట్టిన పేపర్ల కట్ట బయటపడింది. ఆయన ఒక్కొక్కటే విప్పాడు. విప్పినవన్నీ ఎన్‌కౌంటర్ల వార్తలే, చనిపోయిన పిల్లల ఫోటోలే. అప్పటిదాకా ఉన్న నవ్వు అందరి మొఖాల్లో ఆరిపోయింది. ఆ రోజుల్లో అంతకన్నా చిన్న కారణానికి జీపెక్కి, నడవలేని స్థితిలో తిరిగొచ్చిన వాళ్ళు మాకు తెలుసు. అయినా లేచి, "చదివింది నేను సార్, ఆమెకు చదువు రాదు" అన్నాను.

"చదివిపిచ్చింది నేను. వాడు నోరు, నేను చెవు. పట్టుకుంటే నన్ను పట్టుకో" అంది బుచ్చవ్వ.

"వీళ్ళంతా నీకేమవుతారు?" అన్నాడు ఎస్సై.

"ఏంగారు."

"మరెందుకు దాచావు?"

"ఇంకేం జెయ్యాలె సారు? పండు కట్టిస్తె వాళ్ళ మొఖం మీద రసం కారుతది. తిన్నోడు నలిపి మోరిల పారేస్తడు. ఎవ్వల కొడుకో ఏమో. నాకు మనసు రాదు."

ఆయన ఇంకో మడత విప్పాడు. అందులో మందుపాతర పేలి చనిపోయిన పోలీసుల ఫోటోలు, అదే కట్టలో, అంతే జాగ్రత్తగా మడిచినవి. ఆ ఫోటోల కింది పేర్లు ఒక్కొక్కటే వేలు పెట్టి చదివాడు.

"వీళ్ళను కూడానా?"

"వాళ్ళకు మాత్రం అవ్వ లేదా కొడుకా?"

ఎస్సై కట్టను తానే మడిచి, వంగి, గోనెపట్టా కింద పెట్టాడు. లేస్తూ జేబురుమాలుతో మొఖం తుడుచుకున్నాడు. టోపీ కింద నుంచి చెమట ధారగా కారుతోంది. బుచ్చవ్వ ఆయన్ను ఎగాదిగా చూసి పాలకూర ఆమె వైపు తిరిగింది.

"ఓ పిల్లా, గంప జర జరుపు. సారు వాడిపోతుండు."

ముందు నవ్వింది ఎవరో నాకు గుర్తులేదు. ఎస్సై కూడా నవ్వాడన్నది మాత్రం గుర్తుంది. బూట్లతోనే గద్దె మొదట్లో కూర్చుని జామకాయ తిన్నాడు. బదిలీ అయి వెళ్ళేదాకా అప్పుడప్పుడూ వచ్చేవాడు, పాలకూర అమ్ముడుపోయేదాకా ఎండలో నిలబడి మరీ కూర్చునేవాడు. ఆ పేపర్ల కట్ట పెద్దదైనప్పుడల్లా బుచ్చవ్వ వాగుకు తీసుకుపోయి నీళ్ళలో కలిపేది. నేను తోడు వెళ్ళేవాణ్ణి. ఏమీ చదవక్కర్లేదనేది ఆ రోజు.

ఒకసారి అడిగాను, ఈ స్తంభం ఏ రాజు పేరు మీద కట్టారో తెలుసా అని. "రాజు ఎవ్వడో నాకెర్కలే గని, నీడైతే మంచిగ కట్టిచ్చిండు" అంది. మోకాళ్ళు మొరాయించాక కోరుట్లలో కూతురింటికి వెళ్ళింది, అక్కడే పోయింది. నేను తర్వాత కప్పు ఉన్న దుకాణం పెట్టుకున్నాను. ఇప్పటికీ బస్సులో సీటు దొరికితే వెంటనే కూర్చోలేను. వాడిపోతున్న వాళ్ళెవరైనా ఉన్నారేమోనని ముందు చుట్టూ చూస్తాను.

కంచె వేసిన నాటినుంచి, దాన్ని వేయించిన మున్సిపాలిటీకి అర్జీలు పెట్టాను. పరిశీలిస్తామన్నారు. మళ్ళీ పెట్టాను. అదే మాట. ఆఖరికి ఆఫీసుకే వెళ్ళి బల్ల ముందు కూర్చున్నాను. అక్కడి అమ్మాయి మంచిదే, నీళ్ళిచ్చింది.

"తాతా, అది పాత కట్టడం. జనం కూసుంటే పాడైతది."

"జనం కూసున్నందుకే ఇన్నేండ్లు నిలబడ్డది బిడ్డా. ఎవ్వలూ కూసోనిది ఏదీ నిలబడదు."

"సరే, తెరిచి పెడదామంటే పొద్దుగాల ఎవరు తీస్తరు? మాపటికి ఎవరు మూస్తరు? మాకు మనుషుల్లేరు తాతా."

"మనుషులు కంచె బయటనే ఉన్నరు. ఒక్కసారి అచ్చి చూడు."

ఆమె వచ్చింది. ఎండలో ఆ కొత్తిమీర ఆమె పక్కన కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. నేను ఇంకో అర్జీకి కాగితం తీసుకునే లోపలే ఆఫీసు నుంచి ఒక కవరు వచ్చింది. పట్టుకుంటే లోపల ఏదో బరువుగా తగిలింది. జవాబు ఇది:

"ఆర్యా, స్తంభం కంచె గేటును పగటి వేళ తెరిచి ఉంచాలన్న మీ కోరిక ఆమోదించడమైనది. ఇందుకు సిబ్బంది లేనందున తాళంచెవిని దీనితో పాటు మీకే పంపడమైనది. ప్రతి ఉదయం తెరవడం, సాయంత్రం మూయడం పూర్తిగా మీ బాధ్యత. జీతభత్యాలు ఉండవు. గేటు తెరవడం ఆలస్యమైందని ఎవరైనా అర్జీ పెట్టుకున్నచో, ఆ అర్జీకి మీరే జవాబు చెప్పుకొనవలెను."