కళ్లు పెట్టని బొమ్మ

నేను వేసేవన్నీ నైరూప్య చిత్రాలే. అయినా రంగు ముట్టుకునే ముందు పెన్సిలుతో గీసుకోకపోతే నాకు చెయ్యి ఆడదు. వేలూరు నుంచి గుడియాత్తం వెళ్లే బస్సులో ఆ మధ్యాహ్నం అదే పనిలో ఉన్నాను. కుదుపులకు చెయ్యి ఎటు పోతే అటే గీత పోనిచ్చాను.

పక్క సీటులోని పెద్దావిడ కాగితం మీదికి వంగింది.

"మా పాపను నువ్వు యాడ చూసినావు నాయనా?"

"ఇందులో ఎవరూ లేరమ్మా. ఉత్త గీతలు."

"లేకుండా యాడికి పోతాది? తల పక్కకు వాల్చుకోని ఉండాది సూడు. క్వారీ గుంత నీళ్లలోనించి పైకి తీసినప్పుడు గూడా ఇట్లే ఉన్నింది."

ఏం చేయాలో తెలియక పెన్సిలు మళ్లీ ఆనించబోయాను. ఆవిడ తన రెండు బొటనవేళ్లూ కాగితం మీద అదిమి పెట్టింది.

"కండ్లు పెట్టద్దప్పా. మా ఇంటాయన గుళ్లకు బొమ్మలు చేస్తాడు. కండ్లు ఆఖర్న తెరుస్తాడు, అప్పుడే ప్రాణం వస్తాది. ఇప్పుడు తెరిస్తే పాప మళ్లీ ఆ నీళ్లనే చూడాల."

పళ్లికొండలో దిగేదాకా ఆ వేళ్లు తీయలేదు.

అప్పటి నుంచి నేనేం గీసినా రెండు చోట్ల గీత తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. నా బొమ్మలకు ఆ ఖాళీలే అందం అంటారు చూసినవాళ్లు. నాకు పేరు వచ్చింది కూడా వాటితోనే.

మొన్న ఒక బొమ్మ గీయడం ముగించి కాగితం ఎత్తాను. ఆ రెండు చోట్లా తడిగా ఉంది.